లిటరరీ టర్మ్స్ అన్నీ వచ్చు, పద్యం ముందు మాత్రం కలం కదలదు

మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుంటే ఇది: ఇంగ్లిష్ లిటరేచర్‌లో డిగ్రీ చదువుతున్నారు. సిమిలీ మొదలుకొని సినెక్డకీ దాకా నిర్వచనాలన్నీ నోటికి వచ్చు. కానీ క్లాసులో చెప్పని పద్యం ఒకటి ఇచ్చి విశ్లేషించమంటే ఏం రాయాలో తోచదు. ఇంకా ఏయే టర్మ్స్ నేర్చుకోవాలి, ఏ పుస్తకం చదవాలి, పరీక్షలోపు ఇదంతా అయ్యే పనేనా అని టెన్షన్ పడుతున్నారు.

నేను చాలాకాలంగా ఈ సబ్జెక్టు చెబుతున్నాను, పేపర్లూ దిద్దుతున్నాను. మీ ఇబ్బంది టర్మ్స్ తక్కువై వచ్చినట్టు నాకు అనిపించడం లేదు, ఎక్కువై వచ్చినట్టుంది. "ఈ పద్యంలో సిమిలీ, మెటఫర్, పర్సానిఫికేషన్, అలిటరేషన్ ఉన్నాయి. ఇవి పద్యానికి అందాన్నిచ్చాయి" అనే రెండు వాక్యాలు పేపర్లు దిద్దేవాళ్లకు కంఠతా వచ్చేసి ఉంటాయి. పద్యం మారినా ఆ వాక్యాలు మారవు, అందుకే వాటికి మార్కులు పడవు. ఫలానా చోట ఆ అలంకారం లేకపోతే పద్యానికి ఏం పోయేది? దీనికి జవాబు రాస్తే టర్మ్ పేరు మరిచిపోయినా ఎంతో కొంత వస్తుంది. పేరు గుర్తుండి ఈ జవాబు లేకపోతే ఏమీ రాదు.

ఊరికే చెబితే గాల్లో మాటలా ఉంటుంది కాబట్టి మీకు తెలిసిన పద్యమే తీసుకుందాం. 1609లో అచ్చయిన షేక్‌స్పియర్ సానెట్లలో 18వది (సానెట్ అంటే పద్నాలుగు పాదాల పద్యం). మొదటి పాదం "షల్ ఐ కంపేర్ దీ టు ఎ సమ్మర్స్ డే?" చాలామంది ఇక్కడే "సిమిలీ" అని రాసి ముందుకు వెళ్లిపోతారు. కాస్త ఆగి చూడండి. పద్యంలో మాట్లాడే మనిషి పోల్చలేదు, పోల్చనా అని అడిగాడు. రెండో పాదంలోనే ఆ పోలిక చాలదని తేల్చేశాడు, నువ్వు అంతకంటే అందంగా, అంతకంటే సౌమ్యంగా ఉంటావని. ఆ తర్వాత ఆరు పాదాలూ వేసవి మీద ఫిర్యాదులే. మే నెల మొగ్గల్ని గాలి కుదిపేస్తుంది, ఎండ ఒక్కోసారి మరీ మండిపోతుంది, ఒక్కోసారి సూర్యుడి ముఖమే మసకబారుతుంది, అసలు వేసవి ఉండేదే కొన్నాళ్లు.

తొమ్మిదో పాదంలో "బట్" అనే చిన్న మాటతో పద్యం మలుపు తిరుగుతుంది. "బట్ దై ఎటర్నల్ సమ్మర్ షల్ నాట్ ఫేడ్." పోలికకు పనికిరాదని పక్కన పడేసిన వేసవే ఇక్కడ మెటఫర్ అయి తిరిగొచ్చింది. "నువ్వు వేసవిలా ఉంటావా" అన్న మాట కాస్తా "నీ వేసవి" అయింది. బయటి వేసవి వాడిపోతుంది, నీలోది వాడదు. లైక్, యాజ్ ఉంటే సిమిలీ, లేకపోతే మెటఫర్ అని మీరు చదువుకున్న తేడా తప్పేం కాదు. కానీ ఆ తేడా మీదే ఈ పద్యం నడుస్తోందని ఏ నిర్వచనమూ చెప్పదు. పద్యాన్ని చూస్తేనే తెలుస్తుంది.

అదే పద్యంలో ఇంకొకటి చూడండి. నాలుగో పాదంలో "లీజ్", "డేట్" అన్న మాటలున్నాయి. పదో పాదంలో "పొసెషన్" ఉంది. ఇవి ఆస్తి కాగితాల్లో కనిపించే మాటలు. కవి ఎలాంటి మాటలు ఏరుకున్నాడన్నదాన్ని డిక్షన్ అంటారు. వేసవికి అందం లీజు మీద వచ్చింది, గడువు తీరగానే ఖాళీ చేయాలి. నీకైతే అది సొంతం. ప్రేమ పద్యంలో దస్తావేజుల భాష ఏం చేస్తోందో ఒక పేరా రాయగలిగితే, ఆ ఒక్క పేరా అలంకారాల జాబితా మొత్తానికంటే బరువైనది. డిక్షన్ అన్న టర్మ్‌ని విద్యార్థులు ఎందుకు పట్టించుకోరో నాకు ఎప్పుడూ అర్థం కాదు. చదవని పద్యం ఎదురైనప్పుడు అన్నిటికంటే ముందు చేతికి దొరికేది అదే.

ఆ "బట్" దగ్గరి మలుపును వోల్టా అంటారు. ఇటలీ కవి పెట్రార్క్ పేరు మీదున్న పెట్రార్కన్ సానెట్ ఎనిమిది, ఆరు పాదాలుగా విడిపోతుంది కాబట్టి వోల్టా సాధారణంగా ఎనిమిది తర్వాత వస్తుంది. షేక్‌స్పియర్ సానెట్‌లో మూడు క్వాట్రెయిన్లు (నాలుగేసి పాదాలు), చివర ఒక కప్లెట్ (రెండు పాదాలు). ఇక్కడ అసలు దెబ్బ చాలాసార్లు కప్లెట్‌లో పడుతుంది. 18వ సానెట్ రైమ్ (పాదాల చివర శబ్దాలు కలవడం) షేక్‌స్పియర్ పద్ధతిలో ఉంది, మలుపు మాత్రం పెట్రార్కన్ చోటులో ఉంది. రెండు రకాల లక్షణాలనూ వేర్వేరుగా బట్టీ పట్టినవాళ్లకు ఈ సంగతి కనపడదు.

ఇక మీటర్, అంటే పాదం లయ లెక్క. తెలుగు ఛందస్సు కొంచెమైనా తెలిసినవాళ్లకు ఇది సులువుగా రావాలి, నిజానికి వాళ్లే ఎక్కువ తికమక పడతారు. మన లెక్క గురులఘువులది. ఒక అక్షరం పలకడానికి ఎంతసేపు పడుతుందన్నదే ప్రధానం. ఇంగ్లిష్ లెక్క నొక్కుది. ఏ సిలబుల్‌ని నొక్కి పలుకుతాం, దేన్ని తేల్చేస్తాం అన్నదే ప్రధానం. ఆ సానెట్ మొదటి పాదాన్నే చూడండి. "కంపేర్"లో "కం" మన లెక్కలో గురువు, సున్న ఉంది కాబట్టి. ఇంగ్లిష్‌లో దాని మీద నొక్కు లేదు, నొక్కంతా "పేర్" మీదే. "దీ" దీర్ఘం, మనకు గురువే, అయినా ఇక్కడ తేలిపోతుంది. "సమ్మర్స్"లో రెండు సిలబుల్సూ మన పద్ధతిలో గురువులే, ఇంగ్లిష్‌లో మొదటిదే నొక్కుతారు. కాబట్టి గణవిభజన చేసినట్టు కాగితం మీద గీతలు పెట్టి ఐయాంబిక్ పెంటామీటర్ పట్టుకోలేరు. పైకి చదవాలి. తేల్చి ఒకటి, నొక్కి ఒకటి, ఆ జత ఐదుసార్లు వస్తే ఐయాంబిక్ పెంటామీటర్. ఏ మాట మీద నొక్కు ఎక్కడో అనుమానం వస్తే డిక్షనరీలో ఆ మాట పక్కనే గుర్తు ఉంటుంది.

మీటర్ పేరు రాసి ఆగిపోతే అది కూడా జాబితానే. మీటర్ ఎక్కడ తప్పిందో చూడండి. మూడో పాదం "రఫ్ విండ్స్ డూ షేక్" అని మొదలవుతుంది. మొదటి రెండు సిలబుల్సూ నొక్కాల్సిందే, తేల్చడానికి వీల్లేదు. అలా రెండూ బరువుగా ఉన్న జతను స్పాండీ అంటారు. మొగ్గల్ని గాలి కుదిపే చోటే లయ కూడా కుదుపు తిన్నది. మొదటి పాదం మొదటి జత మీద మాత్రం వాదన ఉంది, "షల్"ని నొక్కి చదివేవాళ్లున్నారు, "ఐ"ని నొక్కేవాళ్లూ ఉన్నారు. అలాంటి చోట ఎలా చదివితే అర్థం ఎలా మారుతుందో రాయండి, చాలు.

ఈ సందర్భంలోనే రెండు పేర్లు విడదీసి పెట్టుకోండి. బ్లాంక్ వర్స్ అంటే రైమ్ ఉండదు, మీటర్ ఉంటుంది. 16వ శతాబ్దంలో సర్రే ప్రభువు వర్జిల్ కావ్యాన్ని కొంత అనువదిస్తూ దీన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు, మార్లో, షేక్‌స్పియర్ నాటకాలకు వాడారు, మిల్టన్ 1667లో "పారడైజ్ లాస్ట్" మొత్తం అందులోనే రాశాడు. ఫ్రీ వర్స్‌లో నియమంగా రైమూ ఉండదు, మీటరూ ఉండదు. 1855లో వచ్చిన వాల్ట్ విట్‌మన్ "లీవ్స్ ఆఫ్ గ్రాస్" చదివితే తేడా చెవికే తెలుస్తుంది. ఈ రెంటినీ కలిపేసి రాసినంత తేలిగ్గా మార్కులు పోగొట్టుకునే పని ఇంకొకటి లేదు.

రైమ్ గురించి ఒక్క మాట. మన ప్రాస పాదంలో రెండో అక్షరానిది, వాళ్ల రైమ్ పాదం చివరిది. మన అంత్యప్రాస దానికి దగ్గర. అలిటరేషన్ దగ్గర మాత్రం తెలుగు లిపి మీకు సాయం చేస్తుంది. అలిటరేషన్ అంటే దగ్గర దగ్గర మాటలు ఒకే శబ్దంతో మొదలవడం, అది శబ్దానికి సంబంధించింది, స్పెల్లింగ్‌తో పని లేదు. "కింగ్", "కాజిల్" ఇంగ్లిష్‌లో వేర్వేరు అక్షరాలతో మొదలవుతాయి, అయినా అలిటరేషనే. "సిటీ", "క్యాట్" ఒకే అక్షరంతో మొదలవుతాయి, కానీ కాదు. అనుమానం వస్తే మాటల్ని తెలుగులో రాసుకుని చూడండి, ఇట్టే తేలిపోతుంది.

మెటఫర్‌ని లోతుగా చూడటానికి పనికొచ్చే రెండు మాటలు టెనర్, వెహికిల్. విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ 1936లో వీటిని తెచ్చాడు. భయపడాల్సింది లేదు, మీరు స్కూల్లో చదువుకున్న ఉపమేయం, ఉపమానం గుర్తుంటే చాలు. దేని గురించి చెబుతున్నారో అది టెనర్, దేనితో చెబుతున్నారో అది వెహికిల్. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని మనవాళ్లు సమాన ధర్మం అన్నారు, రిచర్డ్స్ గ్రౌండ్ అన్నాడు. మన ఆలంకారికులకు సమాన ధర్మం ఎలాగూ ఇష్టమే, ఆధునిక ఇంగ్లిష్ కవిత్వంలో మాత్రం రెండింటికీ పొసగని భాగం మీద కూడా కన్నేయాలి. జాన్ డన్ ఒక పద్యంలో విడిపోతున్న ఇద్దరు ప్రేమికుల ఆత్మల్ని జామెట్రీ బాక్సులోని కంపాస్ కాళ్లతో పోల్చాడు. ఒక కాలు మధ్యలో పాతుకుని ఉంటుంది, రెండోది తిరిగొస్తుంది, దూరం వెళ్లినకొద్దీ మొదటిది దాని వైపు వంగుతుంది. ప్రేమకీ ఇనప పరికరానికీ పొత్తు ఏమిటని మొదట అనిపించడమే అక్కడి రుచి. ఇలాంటి దూరపు పోలికను సాగదీసి నడిపిస్తే దాన్ని కన్సీట్ అంటారు. 18వ శతాబ్దపు విమర్శకుడు డాక్టర్ జాన్సన్‌కి డన్ లాంటి కవుల మీద పెద్దగా మోజు లేదు. పొత్తులేని భావాల్ని బలవంతంగా ఒకే కాడికి కట్టారన్నాడు. ఆయన తిట్టుగా అన్నది ఇప్పుడు అందరూ లక్షణంగా రాస్తున్నారు.

మెటోనిమీ, సినెక్డకీ మీద ఎక్కువసేపు కూర్చోకండి. రాజరికాన్ని "క్రౌన్" అంటే మెటోనిమీ, దగ్గర సంబంధం ఉన్న వస్తువు పేరు వాడారు. ఓడలో పనివాళ్లని "హ్యాండ్స్" అంటే సినెక్డకీ, భాగంతో మొత్తాన్ని చెప్పారు. సరిహద్దు మీద పండితులే కొట్టుకుంటారు, మీకు ఆ గొడవ వద్దు.

ఐరనీ దగ్గర మాత్రం తీరిగ్గా ఆగండి. ఇంగ్లిష్ లిటరేచర్‌లో ఒక్క టర్మే బాగా నేర్చుకునే వీలుంటే నేను దీన్నే నేర్చుకోమంటాను. "జూలియస్ సీజర్" మూడో అంకం రెండో రంగంలో ఆంటొనీ మాట్లాడేది చూడండి. సీజర్‌ని చంపినవాళ్లలో ఒకడైన బ్రూటస్ అతనికి మాట్లాడే అనుమతి ఇచ్చాడు, తమను నిందించకూడదన్న షరతు మీద. ఆంటొనీ షరతు తప్పలేదు. "బ్రూటస్ ఈజ్ యాన్ ఆనరబుల్ మ్యాన్" అనే అంటాడు, మళ్లీ మళ్లీ అంటాడు. కానీ ఒక్కోసారికీ మధ్యలో ఒక్కో సాక్ష్యం పెడతాడు. సీజర్ బందీల విడుదల సొమ్ముతో ఖజానా నింపాడు. పేదలు ఏడిస్తే తనూ ఏడ్చాడు. కిరీటం ఇస్తే మూడుసార్లు వద్దన్నాడు. మొదటిసారి మెచ్చుకోలులా వినిపించిన "ఆనరబుల్" సాక్ష్యం పడ్డకొద్దీ కుళ్లిపోతూ వస్తుంది. చివరికి గుంపులో ఒకడు వాళ్లు ద్రోహులని అరిచి, ఆ మాటనే వెక్కిరింతగా తిప్పికొడతాడు. వెర్బల్ ఐరనీ అంటే చెప్పిందానికి వ్యతిరేకం ఉద్దేశించడం అని మీ నోట్సులో ఉంటుంది. ఆ వ్యతిరేకం ఎలా పుట్టింది, ఏ మాట పక్కన ఏ మాట పెట్టడం వల్ల పుట్టింది అన్నదే మీరు రాయాల్సింది.

డ్రమాటిక్ ఐరనీ వేరే. పాత్రకు తెలియనిది ప్రేక్షకుడికి తెలియడం. సోఫోక్లీస్ నాటకంలో పాత రాజు లాయస్‌ని చంపినవాడు ఎవడైనా సరే నాశనమైపోవాలని ఈడిపస్ శపిస్తుంటే, ఆ శాపం అతనికే తగులుతుందని చూసేవాళ్లకు తెలుసు. సిచ్యుయేషనల్ ఐరనీ అంటే జరగాల్సిందానికి సరిగ్గా ఎదురు జరగడం. ఊరికే దురదృష్టాన్ని ఐరనీ అనకండి. పెళ్లి రోజు వర్షం పడటం ఐరనీ కాదు, వర్షం పడటమే.

సెటైర్ ఐరనీకి చుట్టమే కానీ రెండూ ఒకటి కాదు. సెటైర్‌కి ఒక గురి ఉంటుంది, సమాజంలోనో మనిషిలోనో ఉన్న చెడును ఎగతాళి చేసి ఎండగట్టడం. ఐరనీ దానికి దొరికిన ఆయుధాల్లో ఒకటి. స్విఫ్ట్ 1729లో రాసిన "ఎ మాడెస్ట్ ప్రపోజల్" తీసుకోండి. ఐర్లండ్ పేదరికానికి మందు ఏమిటంటే పేదల పిల్లల్ని డబ్బున్నవాళ్ల భోజనానికి అమ్మడమే అని లెక్కలతో సహా వాదించే వ్యాసం అది. ఆ వాదించేవాడు స్విఫ్ట్ కాదు. స్విఫ్ట్ తయారు చేసిన ఒక మర్యాదస్తుడు. ఇలా రచయిత తొడుక్కున్న గొంతును పర్సోనా అంటారు.

దీన్నుంచే పేపర్లలో కనిపించే అతి పెద్ద తప్పు దగ్గరికి వస్తాం. "ఇక్కడ కవి ఇలా అంటున్నాడు" అని రాయడం. పద్యంలో "నేను" అన్నది కవే కానక్కర్లేదు. స్పీకర్ అని రాయండి. బ్రౌనింగ్ "మై లాస్ట్ డచెస్" 1842లో వచ్చింది. అందులో మాట్లాడేవాడు ఒక డ్యూక్. గోడ మీది వెనకటి భార్య బొమ్మ చూపిస్తూ, ఇంకో పెళ్లి సంబంధం మాట్లాడటానికి వచ్చిన దూతతో కబుర్లు చెబుతాడు. ఆమె అందరినీ చూసి నవ్వేదట, తన పాత ఇంటిపేరు విలువ ఆమెకు తెలియలేదట. "ఐ గేవ్ కమాండ్స్, దెన్ ఆల్ స్మైల్స్ స్టాప్డ్ టుగెదర్" అనేసి, ఆగకుండా కట్నం మాటల్లోకి దిగుతాడు. డ్రమాటిక్ మోనోలాగ్ అంటే ఇది. ఒకే మనిషి మాట్లాడతాడు, వినేవాడు ఎదురుగా ఉంటాడు కానీ మనకు వినపడడు, మాట్లాడేవాడు తాను చెప్పదలచుకున్న దానికంటే ఎక్కువ బయటపడతాడు. సాలిలక్వీలో వినేవాడు ఉండడు, హామ్లెట్ తనలో తాను అనుకున్నట్టు. అసైడ్ అంటే రంగం మీద మిగతావాళ్లున్నా వాళ్లకు వినపడనట్టు ప్రేక్షకులకు వేసే చిన్న మాట.

ఆ డ్యూక్ పద్యంలో ఇంకో విశేషం ఉంది. అది మొత్తం రైమ్ ఉన్న కప్లెట్లలోనే నడుస్తుంది. కానీ పైకి చదివితే రైమ్ అంతగా చెవిన పడదు. ఎందుకంటే వాక్యం పాదం చివర ఆగకుండా కింది పాదంలోకి జారిపోతుంది. దాన్ని ఎన్‌జామ్‌మెంట్ అంటారు. పాదం మధ్యలో వచ్చే ఆగుడు సిజ్యూరా. కింద గట్టి చట్రం, పైన తీరిక కబుర్లు. డ్యూక్ మర్యాదకీ అతను చేసిన పనికీ మధ్య ఉన్న సంబంధమూ అలాంటిదే. ఎన్‌జామ్‌మెంట్ ఉంది అని రాయడం వేరు, ఇది రాయడం వేరు.

నవలకు వస్తే ఇదే జాగ్రత్త నరేటర్ దగ్గర కావాలి. ఫస్ట్ పర్సన్, థర్డ్ పర్సన్ అన్నంతలో సరిపెట్టకండి. థర్డ్ పర్సన్‌లో అందరి మనసుల్లోకీ వెళ్లేది ఆమ్నిషియెంట్, ఒక్క పాత్ర చూపుకే కట్టుబడేది లిమిటెడ్. చెప్పేవాడి మాట నమ్మడానికి లేదని కథే మనకు పట్టిస్తే అన్‌రిలయబుల్ నరేటర్, ఈ పేరు విమర్శకుడు వేన్ బూత్ 1961లో పెట్టాడు. వీటన్నిటికంటే కష్టమైనది, పట్టుకుంటే అన్నిటికంటే పనికొచ్చేది ఫ్రీ ఇన్‌డైరెక్ట్ డిస్కోర్స్. జేన్ ఆస్టిన్ దీంట్లో దిట్ట. తెలుగులోనే ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను. "ఆమె కిటికీ దగ్గరికి వెళ్లింది. ఇంకేం వస్తాడు. వచ్చేవాడైతే నిన్ననే వచ్చేవాడు కాదూ!" మొదటి వాక్యం నరేటర్‌ది. తర్వాతవి ఎవరివి? "అని ఆమె అనుకుంది" అని ఎక్కడా లేదు. వ్యాకరణం నరేటర్‌ది, గొంతు ఆమెది. ఈ రెండు గొంతులూ కలిసిన చోట పాత్ర మీద జాలీ పుడుతుంది, చిన్న నవ్వూ పుడుతుంది. ఆ నవ్వు ఎవరిదో రాయడమే మీ పని.

నవలాకారుడు ఫార్‌స్టర్ 1927లో "యాస్పెక్ట్స్ ఆఫ్ ద నావెల్"లో చెప్పిన ఫ్లాట్ (ఒకే లక్షణం చుట్టూ కట్టిన), రౌండ్ (మనల్ని ఆశ్చర్యపరచగల) పాత్రల విభజన అందరూ రాస్తారు. అందులో ఒకటి మరిచిపోతారు. ఫ్లాట్ అంటే చేతకాని పాత్ర అని ఆయన అనలేదు. డికెన్స్ మనుషులు చాలామంది ఫ్లాటేనని, అయినా ప్రాణంతో ఉంటారని ఆయనే ఒప్పుకున్నాడు. స్టోరీకీ ప్లాట్‌కీ తేడా కూడా అదే పుస్తకంలోది. రాజు చనిపోయాడు, తర్వాత రాణి చనిపోయింది అంటే స్టోరీ. ఆ దిగులుతో రాణి చనిపోయింది అంటే ప్లాట్. అంటే కారణం కలిసింది.

ట్రాజెడీ మాటల్లో హమార్షియా దగ్గర ఒక పాత పొరపాటు పాతుకుపోయింది. "ట్రాజిక్ ఫ్లా" అని రాసి, మాక్బెత్‌కి దురాశ, ఒథెలోకి అనుమానం, హామ్లెట్‌కి తాత్సారం అని ఒక్కో జబ్బు అంటగడతారు. అరిస్టాటిల్ "పొయెటిక్స్"లోని హమార్షియా అంతకంటే పొరపాటుకు, గురి తప్పడానికి దగ్గర. ఈడిపస్ స్వభావంలో ఏదో ఒక లోపం వెతకడం కంటే, తనెవరో తెలియక చేసిన పని అనడం నయం. ఆ నాటకంలో ఈడిపస్ భయం పోగొడదామని కొరింత్ నుంచి వచ్చినవాడు చెప్పిన మాటే అతని కొంప ముంచుతుంది. పరిస్థితి తలకిందులవడం పెరిపటియా, నిజం తెలిసిరావడం అనగ్నారిసిస్. రెండూ కలిసి జరగడమే మేలైనదన్నాడు అరిస్టాటిల్. నాటకంలో యాక్షన్, కాలం, స్థలం ఒక్కొక్కటే ఉండాలనే త్రీ యూనిటీస్ మూడూ ఆయనకే కట్టబెట్టకండి. ఆయన గట్టిగా పట్టుబట్టింది యాక్షన్ ఒక్కదాని మీదే, కాలం గురించి ఏదో ఒక మాట అన్నాడు, స్థలం గురించి అసలు అనలేదు. మూడింటినీ నియమాలుగా బిగించింది 1570లో ఇటలీ విమర్శకుడు కాస్టెల్వెట్రో.

విమర్శకులు పెట్టిన పేర్లు కొన్ని ఉన్నాయి. వాటిని పేరు, మనిషి, సంవత్సరం, ఏ వాదనలో పుట్టింది అన్నవి కలిపి నేర్చుకుంటేనే గుర్తుంటాయి. విల్లింగ్ సస్పెన్షన్ ఆఫ్ డిస్బిలీఫ్ కోల్‌రిడ్జ్‌ది, 1817. తన మానవాతీత కథాపద్యాలకు పాఠకుడు ఎలా లొంగుతాడో చెబుతూ అన్నది. అదే ఏడాది డిసెంబరులో కీట్స్ తన తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో నెగటివ్ కేపబిలిటీ అన్నాడు, తేలని విషయాల మధ్య హడావుడిగా జవాబు కోసం చెయ్యి చాచకుండా ఉండగలగడం. ఆబ్జెక్టివ్ కోరిలేటివ్‌ని, అంటే ఒక భావాన్ని పుట్టించే వస్తువులు, సందర్భాలు, ఘటనల వరుసను, ఎలియట్ 1919లో హామ్లెట్ మీద కోపంగా రాసిన వ్యాసంలో వాడాడు. విమ్‌సాట్, బియర్డ్‌స్లీ ఇంటెన్షనల్ ఫాలసీ 1946లోది, అఫెక్టివ్ ఫాలసీ 1949లోది. మొదటిది కవి ఉద్దేశంతో పద్యాన్ని కొలవకూడదంటుంది, రెండోది చదివినవాడికి కలిగిన అనుభూతితో కొలవకూడదంటుంది. మీరు రెండింటితోనూ ఏకీభవించక్కర్లేదు, కానీ పరీక్షలో తారుమారు చేయకండి.

పథెటిక్ ఫాలసీ పేరు చూసి అది కూడా ఈ జాబితాలోదే అనుకుంటారు. అది చాలా ముందుది, 1856లో రస్కిన్ పెట్టిన పేరు. ప్రకృతికి మనిషి బాధలు అంటగట్టడం. ఇందులో "పథెటిక్" అంటే దయనీయం కాదు, భావోద్వేగానికి చెందినది అని. ఇలా రోజువారీ ఇంగ్లిష్‌లో ఒక అర్థం, లిటరేచర్‌లో ఇంకో అర్థం ఉన్న మాటలు ముందు పట్టుకోండి, ఎందుకంటే వీటి దగ్గర డిక్షనరీ చూడాలని కూడా తోచదు. రొమాంటిక్ కవులంటే ప్రేమ కవులు కారు, వర్డ్స్‌వర్త్, కీట్స్ కాలపు కవిత్వోద్యమం వాళ్లు. కామెడీ అంటే నవ్వించాల్సిందేనని లేదు, సుఖాంతం కావాలి. 17వ శతాబ్దపు రచనల్లో "విట్" జోకులు కాదు, చురుకైన మేధ. "పారడైజ్ లాస్ట్"లో ప్రతి భాగం ముందుండే "ఆర్గ్యుమెంట్" వాదన కాదు, ఆ భాగపు కథాసారం. ఎలిజీ చనిపోయినవాళ్ల కోసం రాసిన శోకగీతం, యూలజీ ప్రశంస. టోన్ రచయితదో స్పీకర్‌దో వైఖరి, మూడ్ పాఠకుడి చుట్టూ కమ్ముకునే వాతావరణం. ఇక థీమ్‌ని ఒక్క మాటలో చెప్పకండి. "మృత్యువు" అన్నది సబ్జెక్ట్. మృత్యువు గురించి పద్యం ఏం అంటోందో వాక్యంగా రాస్తే అది థీమ్.

ఉచ్చారణ కూడా చెప్పేస్తాను, వైవాలో పనికొస్తుంది. హైపర్‌బోల్ కాదు, హైపర్బలీ. సిమైల్ కాదు, సిమిలీ. సినెక్డోచ్ అనకండి, సినెక్డకీ. ఎపిటోమ్ కాదు, ఎపిటమీ. పేథాస్, బేథాస్. ఎన్‌జామ్‌మెంట్‌లో "బ" పలకదు. జెనర్ కాదు, ఝాన్‌రా.

జవాబు రాసే భాష గురించి. లిటరేచర్ గురించి వర్తమాన కాలంలో రాయడం ఆనవాయితీ, హామ్లెట్ తాత్సారం చేస్తాడు అనాలి, చేశాడు అనకూడదు. ప్రతి వాక్యంలో "షోస్", "సేస్" పెట్టకండి. సూచిస్తే సజెస్ట్స్, గుర్తుకు తెప్పిస్తే ఇవోక్స్, ఎదురెదురు పెడితే జక్స్‌టపోజెస్, లోపల నుంచి దెబ్బతీస్తే అండర్‌మైన్స్. క్రియ సరిగ్గా దొరికితే వాదన సగం కుదిరినట్టే. యాంబిగ్యువస్, ఆంబివలెంట్ రెండూ ఒకటి కావు. మొదటిది మాటకు ఒకటి కంటే ఎక్కువ అర్థాలుండటం, రెండోది మనిషికి ఒకదాని మీద రెండు రకాల భావాలుండటం.

పుస్తకం అడిగారు కాబట్టి ఎం.హెచ్. ఏబ్రమ్స్ "ఎ గ్లాసరీ ఆఫ్ లిటరరీ టర్మ్స్" తీసుకోండి. మొదట 1957లో వచ్చింది, తర్వాత చాలా ముద్రణలు మారింది, లైబ్రరీలో ఏది దొరికినా పర్వాలేదు. అందులో టర్మ్స్ చిన్న చిన్న వ్యాసాలుగా ఉంటాయి, సంబంధం ఉన్నవన్నీ ఒకే చోట వస్తాయి. అ నుంచి క్ష దాకా చదివినట్టు చదవకండి. ఏదైనా పద్యంలో తగిలినప్పుడు ఆ వ్యాసం తీయండి.

పరీక్షలోపు చేయగలిగింది ఇది. చిన్న పద్యం ఒకటి తీసుకుని మూడుసార్లు పైకి చదవండి. ఒక్క టర్మ్ కూడా వాడకుండా, ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ వింతగా అనిపించిందో మామూలు మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి, తెలుగులోనైనా సరే. తర్వాత ఆ వింతకు పేరుందేమో చూడండి. చాలాసార్లు ఉంటుంది. ఇప్పుడు మీ పాత నోట్సు తీసి ఒక్కో నిర్వచనం కింద మీరు స్వయంగా చదివిన పాదం ఒకటి రాయండి, దాని పక్కనే అది లేకపోతే ఏం పోయేదో ఒక వాక్యం. ఏ టర్మ్ కింద రాయడానికి పాదం దొరకలేదో దాన్ని ఈ పరీక్షకు వదిలేయండి.